కీమో వికారానికి, తిమ్మిర్లకి చైనా వైద్యం: నొక్కడమా, సూదులా, మూలికలా?

మా అక్కకి రొమ్ము క్యాన్సర్. మొదటి కీమో ఎక్కించి మూడో రోజు. కుక్కర్ విజిల్ వేస్తే ఆ వాసనకే బకెట్ దగ్గరికి పరిగెత్తేది. సాయంత్రానికల్లా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పదకొండు సలహాలు వచ్చి పడ్డాయి. తిప్పతీగ రసం, గోధుమ గడ్డి, ఎవరో ఊళ్ళో ఇచ్చే పసరు, అన్నిటికన్నా నమ్మకంగా సింగపూర్‌లో ఉండే మా పెదనాన్నగారబ్బాయి పంపించిన చైనా మూలికల పొడి ప్యాకెట్లు. వాటి మీద ఉన్నదంతా చైనీస్ లిపి. "అక్కడ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లోనే ఇస్తారే, భయపడకు" అని అన్నయ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు, చైనాలో కీమోతో పాటు మూలికలు ఇవ్వడం మామూలే. కానీ ఆ పొడి అక్క నోట్లో వెయ్యాలా వద్దా అన్నది తేల్చాల్సింది మాత్రం ఉప్పల్‌లో మా ఇంట్లో, రాత్రి తొమ్మిదింటికి, నేను.

నేను డాక్టర్ని కాను. ఆరు నెలలు అక్క ఫైలు మోసినదాన్ని, కీమో ఎక్కించే డే కేర్ వార్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఫోన్‌లో దొరికిందల్లా చదివినదాన్ని, ఆ చదివినదాన్ని పట్టుకుని డాక్టరమ్మని విసిగించినదాన్ని. ఇప్పుడు అదే అయోమయంలో ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

## సూదుల కన్నా ముందు చూసుకోవాల్సింది

హాస్పిటల్ వాళ్ళు రాసిన వాంతుల మందులు రాసినట్టు వాడుతున్నారా? రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా వాడే ఎర్ర మందు, అంటే డాక్సోరూబిసిన్, దానికి జతగా ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్, ఈ రెండూ కలిస్తే వాంతులు బాగా తెప్పించే కీమోల లెక్కలోకి వస్తుంది. దానికి సాధారణంగా నాలుగు మందులు కలిపి ఇస్తారు: పాలోనోసెట్రాన్ లేదా ఆండాన్సెట్రాన్, అప్రెపిటాంట్, డెక్సామెథాసోన్, ఓలాంజపిన్.

మా అక్క ఏం చేసిందంటే, ఓలాంజపిన్ మాత్ర పేరు గూగుల్‌లో కొట్టి చూసి, అది మానసిక జబ్బులకి ఇచ్చే మందు అని ఉండటంతో, పైగా వేసుకున్న మర్నాడంతా మత్తుగా ఉండటంతో, ఎవరికీ చెప్పకుండా మానేసింది. రెండో సైకిల్‌కి, అంటే రెండో విడత కీమోకి, ముందు ఈ సంగతి బయటపడితే డాక్టరమ్మ కోప్పడలేదు, డోసు తగ్గించి రాసింది. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు 10 మిల్లీగ్రాముల బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన అధ్యయనం 2024లో వచ్చింది. వాంతులు ఆపడంలో చిన్న డోసు ఏమీ తీసిపోలేదు, మత్తు తగ్గింది. రెండో సైకిల్లో అక్క మూడో రోజే పెరుగన్నం తింది.

మన ఆడవాళ్ళలో చాలామంది "కీమో అంటే ఇంతేగా" అని ఓర్చుకుంటారు. ఎన్నిసార్లు వాంతి అయిందో, ఏ పూట ఎక్కువో కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళి చూపించండి. కింద రాసినవాటిలో ఏది వాడినా ఈ మందులకి తోడుగానే, వీటిని మానేసి వాడుకునేవి ఒక్కటీ లేదు.

## ఏం చూసుకుని ఎంచుకోవాలి

చైనా వైద్యం అని ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ, మణికట్టు మీద వేలితో నొక్కడం, సూదులు గుచ్చడం, మూలికలు తాగడం, నెమ్మదిగా చేసే వ్యాయామం, ఆకు కాల్చి కాక పెట్టడం ఇవన్నీ అందులోవే. వీటిలో ఒకటి మంచిదైతే అన్నీ మంచివవ్వవు, ఒకటి ప్రమాదమైతే అన్నీ ప్రమాదమూ కావు. నేను పెట్టుకున్న ప్రశ్నలు ఇవి:

- నా అసలు బాధ ఏంటి? వికారమా, వేళ్ళ తిమ్మిర్లా, నీరసమా, కీళ్ళ నొప్పులా? వికారానికి పనిచేసింది తిమ్మిర్లకి పనిచేస్తుందని లేదు.
- ఇది ఒంటి పైనుంచి చేసేదా, కడుపులోకి వెళ్ళేదా? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. నచ్చకపోతే నొక్కడం ఆపేయొచ్చు, సూది తీసేయొచ్చు. మింగింది మాత్రం లివర్‌లోకి పోతుంది, అక్కడ కీమో మందుతో ఏం పేచీ పెట్టుకుంటుందో మనకి కనపడదు.
- కౌంట్లు, అంటే రక్తకణాల లెక్క, ఎలా ఉన్నాయి? మూడు వారాల సైకిల్లో 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో చర్మం తెగే పని ఏదైనా ఇన్ఫెక్షన్‌కి దారి.
- ప్యాకెట్‌లో ఏముందో పేరుపేరునా తెలుసా?
- హార్మోన్ పాజిటివ్ రకమా, అంటే ఈస్ట్రోజెన్ లాంటి ఆడ హార్మోన్లతో పెరిగే రకమా? అయితే ఈస్ట్రోజెన్ లాగా పనిచేసే మూలికలు వద్దు.
- వెళ్ళి రావడానికి ఎంత అవస్థ? వికారంతో ఉన్న మనిషిని ఉప్పల్ నుంచి బంజారాహిల్స్ దాకా ట్రాఫిక్‌లో వారానికి రెండుసార్లు తిప్పడం కూడా ఒక సైడ్ ఎఫెక్టే.

ఆగే ఓపిక లేనివాళ్ళ కోసం ముందుగా పట్టిక ఇస్తున్నాను:

| పద్ధతి | దేనికి పనికొస్తుంది | ఆధారం ఎంత | ప్రమాదం | ఖర్చు, శ్రమ |
|---|---|---|---|---|
| మణికట్టు నొక్కడం, బ్యాండ్ | వికారం | కొంత ఉంది, గొడవలూ ఉన్నాయి | దాదాపు లేదు | నొక్కడం ఉచితం |
| ఆక్యుపంక్చర్ సూదులు | వాంతులు, కీళ్ళ నొప్పులు, నీరసం | కీళ్ళ నొప్పులకి బాగుంది, వాంతులకి ఫర్వాలేదు | కౌంట్లు తగ్గితే ఉంది | ఎక్కువ, పదే పదే వెళ్ళాలి |
| అల్లం, శొంఠి | మొదటి రోజు వికారం | కొంత ఉంది | వంట మోతాదులో తక్కువ | వంటింట్లోనే ఉంది |
| చైనా మూలికల కషాయం, పొడి, క్యాప్సూల్ | రకరకాలుగా చెప్తారు | బలహీనం | ఎక్కువ | ఎక్కువ, ఆన్‌లైన్‌లో |
| తాయ్ చీ, చీ గాంగ్ | నీరసం, నిద్ర | చిన్న అధ్యయనాలు | తక్కువ | నేర్పేవాళ్ళు దొరకడం కష్టం |

## మణికట్టు నొక్కడం

మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఎందుకంటే దీనివల్ల పోయేదేం లేదు. చైనా వాళ్ళు నెయ్‌గ్వాన్ అంటారు, పుస్తకాల్లో పీ6 అని ఉంటుంది. అరచేయి పైకి పెట్టి, మణికట్టు దగ్గర ఉండే గీత మీద మీ ఇంకో చేతి మూడు వేళ్ళు అడ్డంగా ఆనించండి. మూడో వేలు ఆగిన చోట, చేయి మధ్యలో రెండు నరాల్లాంటి గట్టి తాళ్ళు తగులుతాయి చూడండి, ఆ రెండింటి మధ్య గుంట. అక్కడ బొటనవేలితో కొంచెం గట్టిగా, నొప్పి పుట్టనంత వరకు, రెండు మూడు నిమిషాలు నొక్కాలి. కీమోకి ముందు ఆటోలో, ఎక్కిస్తున్నప్పుడు, ఇంటికొచ్చాక, ఎన్నిసార్లైనా.

అదే చోట చిన్న ప్లాస్టిక్ గుండీ ఒత్తుకునేలా వచ్చే సాగే బ్యాండ్లు కొన్ని వందల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ప్రయాణాల్లో వాంతులకి కట్టుకునేవే. ఆపరేషన్ అయిన వైపు చంకలో లింఫ్ గడ్డలు తీసి ఉంటే ఆ చేతికి బిగుతు బ్యాండ్ కట్టొద్దు, చేయి వాచే బాధ మొదలవ్వచ్చు. రెండో చేతికి కట్టుకోండి, చాలు.

పనిచేస్తుందా అంటే, నిజం చెప్పాలి కదా, రెండు మాటలూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వాళ్ళ కోసం అమెరికన్ క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2018లో ఆమోదించిన మార్గదర్శకాల్లో, వాంతుల మందులకి తోడుగా నొక్కడాన్నీ సూదుల్నీ వాడి చూడొచ్చని ఉంది. ఇంకోపక్క బ్రిటన్‌లో 500 మందితో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో అసలు బ్యాండ్ కట్టినవాళ్ళకీ ఉత్తుత్తి బ్యాండ్ కట్టినవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మా అక్కైతే నొక్కుకుంటే బాగుందనేది. చేతికి ఒక పని దొరికినందువల్ల బాగుందో, నిజంగానే పనిచేసిందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఖర్చు లేదు, హాని లేదు, ఇంకేం కావాలి.

## సూదులు

ఆక్యుపంక్చర్ మనకి మరీ పరాయిదేం కాదు. 1938లో చైనాకి వెళ్ళిన భారతీయ వైద్య బృందంలో డాక్టర్ కోట్నిస్‌తో పాటు ఉన్న డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత అక్కడే ఈ విద్య నేర్చుకుని 1959లో మన దేశానికి తెచ్చారు. కాబట్టి "చైనా మాయ" అని కొట్టిపారేసేవాళ్ళ మాటా వినక్కర్లేదు, సూదులతో క్యాన్సర్ తగ్గిస్తామనే బోర్డుల మాటా నమ్మక్కర్లేదు.

వాంతుల సంగతి చూస్తే, 2000లో అమెరికాలో 104 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళకి, అదీ చాలా ఎక్కువ డోసు కీమో తీసుకుంటున్నవాళ్ళకి, సూదులకి సన్నటి కరెంటు పెట్టి చూశారు. ఐదు రోజుల్లో మందులు మాత్రమే వాడినవాళ్ళకి 15 సార్లు వాంతులైతే, సూదులూ కరెంటూ కూడా పెట్టినవాళ్ళకి 5 సార్లు అయ్యాయి. బాగుంది కదా. కానీ ఇప్పుడిచ్చే నాలుగు వాంతుల మందుల జత అప్పటికి లేదు. ఇప్పటి నాలుగు మందుల మీద సూది ఇంకా ఎంత కలుపుతుందంటే, నా అంచనా, కొంచెమే.

సూదులు నిజంగా మెరిసేది కీమో అయిపోయాక. హార్మోన్ పాజిటివ్ వాళ్ళకి లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ లాంటి మాత్రలు ఏళ్ళ తరబడి ఇస్తారు, వాటితో పొద్దున్నే మంచం దిగితే వేళ్ళు ముడుచుకోవు, మోకాళ్ళు పట్టేస్తాయి. ఆ బాధ పడలేక మాత్రలే మానేసేవాళ్ళున్నారు. 226 మందితో 2018లో వచ్చిన అధ్యయనంలో ఆరు వారాలు వారానికి రెండుసార్లు, ఇంకో ఆరు వారాలు వారానికి ఒకసారి సూదులు పెట్టారు. పది మార్కుల నొప్పి కొలతలో అసలు సూదులతో సుమారు 2 తగ్గితే, ఉత్తుత్తి సూదులతో 1 తగ్గింది. అద్భుతమేం కాదు. కానీ మాత్ర మానకుండా ఉండటానికి ఆ ఒక్క మార్కు తేడా చాలు.

వేళ్ళ తిమ్మిర్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించేటప్పుడు కాలి వేళ్ళు, చేతి వేళ్ళు మొద్దుబారతాయి, జాకెట్ హుక్కులు పెట్టుకోవడం రాదు, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలీదు. దీనికి సూదులతో చిన్న చిన్న అధ్యయనాలు ఆశగా కనిపిస్తున్నాయి, అంతే. తిమ్మిర్లతో పాటు నొప్పి ఉంటే డాక్టర్లు ఇచ్చేది డ్యులోక్సెటిన్. తిమ్మిరి మొదలైన వెంటనే చెప్తే డోసు సర్దుతారు, అదే అన్నిటికన్నా పెద్ద మందు. ఇక్కడే ఒక హెచ్చరిక: మన మెడికల్ షాపుల్లో అడిగితే చేతిలో పెట్టే "నరాల బలం మాత్ర"ల్లో కొన్నిటిలో అసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉంటుంది. 409 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళకి కీమోతో పాటు అది ఇచ్చి చూస్తే తిమ్మిర్లు తగ్గకపోగా పెరిగాయి. స్ట్రిప్ వెనక చిన్నక్షరాలు చదవండి. మా ఇంట్లో అలాంటి స్ట్రిప్ ఒకటి అప్పటికే సగం ఖాళీ అయింది.

సూదుల దగ్గరికి వెళ్ళేముందు చూసుకోవాల్సినవి:

- డాక్టర్ ఒప్పుకోవాలి, ఆ వారం రక్త పరీక్ష చూపించాలి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే వాయిదా వేసుకోండి.
- మీ కళ్ళముందే కొత్త సూదుల ప్యాకెట్ చింపాలి.
- గడ్డలు తీసిన వైపు చేతికి, పోర్ట్ (కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉన్న చోటికి సూది వద్దు.
- "కీమో ఆపేయండి, నేను చూసుకుంటా" అన్న మాట వినగానే చెప్పులేసుకుని వచ్చేయండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అంటే, వారాంతం కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు, ఐదేళ్ళు చదివినవాళ్ళూ ఉన్నారు. ప్రకృతి వైద్యం డిగ్రీ, బీఎన్‌వైఎస్‌లో ఆక్యుపంక్చర్ కూడా ఒక పాఠం. మన ఊళ్ళో అమీర్‌పేట పక్కనున్న గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఆ చదువు చెప్పేదే. ఆయుష్ అన్న మాట వినగానే చైనా వైద్యం కూడా అందులో ఉందనుకోకండి, లేదు. ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియో, ఇవే ఆయుష్.

ఇంకొకటి. హైదరాబాద్‌లో సూదుల బోర్డు పక్కనే "హిజామా, కప్పింగ్" అని కూడా ఉంటుంది. చర్మం మీద కప్పులు బోర్లించి లాగే ఈ కప్పింగ్ చైనా వాళ్ళకీ ఉంది, యునానీ వాళ్ళకీ ఉంది. చర్మానికి గాట్లు పెట్టి రక్తం లాగే పద్ధతి కీమో నడుస్తున్నన్నాళ్ళూ వద్దే వద్దు. అలాగే మాక్సా అని, మన వినాయకచవితి పత్రిలో పెట్టే మాచిపత్రి జాతి ఆకుని ఎండబెట్టి కాల్చి చర్మం దగ్గర కాక చూపిస్తారు. తిమ్మిరెక్కిన కాళ్ళకి కాలుతున్న సంగతే తెలీదు, బొబ్బలెక్కుతుంది. వద్దు.

## అల్లం ఎవరిది?

చైనా మందుల పుస్తకాల్లోనూ అల్లం ఉంది, మన అమ్మమ్మల పోపుల డబ్బాలోనూ ఉంది. అందుకే నాకు నచ్చిన మధ్యేమార్గం ఇది. 576 మందితో (ఎక్కువమంది రొమ్ము క్యాన్సర్ వాళ్ళే) 2012లో వచ్చిన అధ్యయనంలో, వాంతుల మందులకి తోడుగా రోజుకి అర గ్రాము నుంచి గ్రాము దాకా అల్లం పొడి క్యాప్సూల్స్, కీమోకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి ఆరు రోజులు ఇస్తే, మొదటి రోజు వికారం తగ్గింది. డోసు పెంచి గ్రామున్నర ఇస్తే లాభం పెరగలేదు.

అర గ్రాము అంటే సుమారు పావు టీస్పూను శొంఠి పొడి. వేడన్నంలో మొదటి ముద్దకి నెయ్యి, శొంఠి పొడి, చిటికెడు ఉప్పు కలిపి పెడితే అదే డోసు. బాలింతకి పెట్టినట్టు కీమో మనిషికీ పెట్టండి. నోటి పుళ్ళు ఉన్న రోజుల్లో మాత్రం మంట పుడుతుంది, ఆపేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్ళు వంటల్లో వాడుకోవచ్చు గానీ అల్లం క్యాప్సూల్స్ జోలికి అడక్కుండా పోవద్దు.

## మూలికల కషాయం, పొడులు, క్యాప్సూల్స్

ఇప్పుడు అన్నయ్య ప్యాకెట్ల దగ్గరికి వద్దాం.

చైనా వైద్యుడు మూలికలు ఇచ్చే తీరు మనం క్రోసిన్ కొనుక్కున్నట్టు ఉండదు. నాలుక చూస్తాడు, నాడి పడతాడు, పదో పన్నెండో మూలికలు ఆ మనిషికి తగ్గట్టు కలుపుతాడు, వారం తర్వాత చూసి మారుస్తాడు. అక్కడి క్యాన్సర్ డాక్టరూ ఆయనా ఒకే ఆసుపత్రిలో ఒకే ఫైలు చూస్తారు. మనకి ఇక్కడ ఆ ఫైలూ లేదు, ఆ మనిషీ లేడు, ప్యాకెట్ మాత్రం కొరియర్‌లో వచ్చింది. ఎంచక్కా పనిచేసిందని అక్కడ విన్నది ఇక్కడ పనిచేయకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఆధారం సంగతి: రొమ్ము క్యాన్సర్ కీమో ఇబ్బందులకి చైనా మూలికల మీద వచ్చిన అధ్యయనాలన్నీ ఏరి కాక్రేన్ సంస్థ 2007లో ఒక సమీక్ష వేసింది. దొరికినవి 7, అందులో ఉన్నవాళ్ళు మొత్తం 542 మంది, అన్నీ చైనాలో జరిగినవే. కొన్నిట్లో తెల్లకణాలు మెరుగయ్యాయనీ, మనిషి కాస్త కోలుకున్నట్టుందనీ ఉంది. కానీ అధ్యయనాలు చేసిన పద్ధతులు బలహీనం, ఒక్కోదాంట్లో ఒక్కో రకం మందు, కాబట్టి గట్టిగా చెప్పలేమన్నారు.

ప్రమాదం సంగతి ఇంకాస్త వివరంగా. కీమో మందుల్ని చాలావరకు లివర్ అరగదీస్తుంది. డోసెటాక్సెల్, పాక్లిటాక్సెల్ అలా లివర్ ఎంజైముల చేతిలో అరిగేవే. సైక్లోఫాస్ఫమైడ్ అయితే లివర్‌లోకి వెళ్ళాకే పనిచేసే మందుగా మారుతుంది. మూలిక ఏదైనా ఆ ఎంజైముల్ని ఉసిగొల్పితే కీమో తొందరగా అరిగిపోయి పని తగ్గుతుంది, అణిచేస్తే ఒంట్లో మందు పేరుకుని బాధ పెరుగుతుంది. రెండూ నష్టమే, రెండూ పైకి కనపడవు. లివర్ పరీక్షలో అంకెలు పెరిగాయంటే తర్వాతి సైకిల్ వాయిదా. నీరసం తగ్గుతుందని తాగిన కషాయం వల్ల కీమో రెండు వారాలు ఆలస్యమైతే అది ఏ లెక్కన లాభం చెప్పండి.

పేర్ల వారీగా గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని:

డాంగ్ క్వాయ్, "ఆడవాళ్ళ మూలిక" అని అమ్ముతారు. ఈస్ట్రోజెన్ లాంటి గుణం ఉందన్న అనుమానం, పైగా రక్తం పలచబడే మందు వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ఎక్కువవుతుంది. హార్మోన్ పాజిటివ్ వాళ్ళకి వద్దు. జిన్సెంగ్ విషయంలోనూ ఇలాంటి అనుమానాలున్నాయి, అడగకుండా వద్దు.

అతిమధురం. చైనా వాళ్ళ ఫార్ములాల్లో చాలావాటిలో ఉంటుంది, మన దగ్గుమందుల్లోనూ ఉంటుంది. రోజూ ఎక్కువగా పడితే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. వాంతులతో ముందే పొటాషియం పోతున్న మనిషికి ఇది రెండో దెబ్బ.

అరిస్టోలోకియా జాతి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో హాన్ ఫాంగ్‌జీ అనే మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న గ్వాంగ్ ఫాంగ్‌జీ కలిసిపోయింది. వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మన ఈశ్వరి వేరు ఈ జాతిదే, కాబట్టి ఇది దూరదేశపు కథ అనుకోవద్దు.

ఇంతా చదివి "అయితే మన మూలికలే నయం" అనుకుంటే, ఆగండి. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తికని తిప్పతీగ తెగ తాగినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. కర్క్యుమిన్ క్యాప్సూల్స్‌తోనూ లివర్ కేసులున్నాయి. పప్పులో పసుపు వేరు, క్యాప్సూల్‌లో కుదించిన పసుపు వేరు. బేగంబజార్‌లో పొట్లం కట్టి ఇచ్చే వేర్లకీ సింగపూర్ ప్యాకెట్‌కీ కీమో దృష్టిలో పెద్ద తేడా ఏం లేదు.

నా తీర్పు: కీమో నడుస్తున్నప్పుడు మింగే మూలికలు వద్దు. క్యాన్సర్ డాక్టర్ ప్రతి పదార్థం పేరూ చూసి సరేనంటే తప్ప.

## తాయ్ చీ, చీ గాంగ్

నెమ్మదిగా చేతులు కదుపుతూ ఊపిరి పీల్చే వ్యాయామాలు. నీరసానికీ నిద్రకీ మంచివని చిన్న అధ్యయనాలు చెప్తున్నాయి. హైదరాబాద్‌లో కీమో మనిషికి సరిపడేలా నేర్పేవాళ్ళని వెతికేలోపు ఆరు సైకిళ్ళు అయిపోతాయి. ప్రాణాయామం, తేలికపాటి యోగా, పొద్దున్నే డాబా మీద పావుగంట నడక, ఇవి అదే పని చేస్తాయి. కౌంట్లు తగ్గిన వారం పార్కుల్లో జనం మధ్యకి వద్దు.

## మీరు ఏ కోవలోకి వస్తారు?

ఎర్ర మందు సైకిళ్ళలో ఉన్నవాళ్ళు. ముందు మాత్రలు సరిచేయించుకోండి, తర్వాత మణికట్టు నొక్కడం, శొంఠి అన్నం. సూదులు కావాలంటే కీమోకి ఒకటి రెండు రోజుల ముందు, కౌంట్లు చూసుకుని. మీకు ఖర్చు దాదాపు సున్నా.

వారం వారం పాక్లిటాక్సెల్, మాధాపూర్‌లో కీబోర్డ్ ఉద్యోగం. మీ బాధ వేళ్ళు. తిమ్మిరి ఏ వేలి దాకా వచ్చిందో ప్రతివారం చెప్పండి. ఎక్కిస్తున్నంతసేపూ చల్లటి గ్లౌజులు ఇస్తారేమో మీ డే కేర్‌లో అడగండి. ఆఫీసు దగ్గరే మంచి ఆక్యుపంక్చర్ డాక్టర్ ఉంటే ప్రయత్నించొచ్చు, నాలుగైదు సిట్టింగుల్లో తేడా లేకపోతే డబ్బు వృథా చేసుకోకండి.

అరవై దాటిన అమ్మ, షుగరూ బీపీ ఉన్నవాళ్ళు. డెక్సామెథాసోన్‌తో షుగర్ పైకి పోతుంది, దాని మీద తేనెతో కలిపిన కషాయాలు, అతిమధురం వద్దు. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ ముందే తక్కువ, కాబట్టి కాక పెట్టేవి ఏవీ వద్దు. మీరు పక్కన కూచుని మణికట్టు నొక్కండి. మా అమ్మ అక్కకి అలా నొక్కుతూ కునుకు తీసేది, ఎవరు ఎవరికి చేస్తున్నారో తెలిసేది కాదు.

జిల్లా నుంచి వచ్చి చుట్టాలింట్లో ఉంటూ రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, నిమ్స్‌లోనో కీమో చేయించుకుంటున్నవాళ్ళు. ఆరోగ్యశ్రీ మీద కీమో నడుస్తుంటే సూదుల సిట్టింగులకి చేతి డబ్బు పెట్టకండి. ఆ డబ్బు గుడ్లకీ పాలకీ, జ్వరం వస్తే రాత్రిపూట ఆటోకీ ఉంచుకోండి. థర్మామీటర్ 100.4 చూపిస్తే ఏ కషాయమూ తాగించొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు, నేరుగా హాస్పిటల్‌కి.

కీమో అయిపోయి లెట్రొజోల్ వాడుతున్నవాళ్ళు. చైనా వైద్యం మీద డబ్బు పెట్టాలంటే మీ దగ్గరే దానికి విలువ. పన్నెండు వారాల కోర్సు మొత్తానికి ఎంతవుతుందో ముందే అడగండి, ఒక్కో సిట్టింగ్ లెక్క చెప్తే తక్కువగా అనిపిస్తుంది. చికిత్స అయ్యాక కూడా వదలని నీరసానికి బ్రిటన్‌లో 302 మందితో సూదులు పెట్టి చేసిన అధ్యయనం (2012), అమెరికాలో 270 మందితో, తమకి తామే నొక్కుకునేలా చేసిన అధ్యయనం (2016) రెండూ మంచి ఫలితమే చూపించాయి. రెండోది ఇంట్లోనే చేసుకోవచ్చు, సూదులంటే భయమున్నవాళ్ళు దానితో మొదలుపెట్టండి.

ఇప్పటికే ఏదో తాగుతున్నవాళ్ళు. తిడతారని దాచిపెట్టకండి, పక్కింటావిడ ఇచ్చిందైనా సరే. ప్యాకెట్ ముందూ వెనకా ఫోటో తీసి, ఎప్పుడు మొదలుపెట్టారో, రోజుకి ఎన్నిసార్లో రాసుకుని, తర్వాతి సైకిల్‌కి ముందు తీసుకెళ్ళండి. లివర్, కిడ్నీ పరీక్షలు ఆ వారం రాయమని మీరే అడగండి. మేం అన్నయ్య పంపిన ప్యాకెట్లు అలాగే తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఫోన్‌లో అనువాదం పెట్టి లేబుల్ చదివింది. పద్నాలుగు పేర్లు వచ్చాయి, అందులో మూడింటిని గుర్తుపట్టింది, ఒకటి డాంగ్ క్వాయ్. అక్కది హార్మోన్ పాజిటివ్. ప్యాకెట్లు కవర్లో పెట్టి నా చేతికిచ్చి, "శొంఠి పొడి ఎంత వేస్తున్నారు?" అని అడిగింది.